చూపు తగ్గుతున్నప్పుడు క్రాస్‌బోకు ఏ సైట్ పెట్టుకోవాలి?

విల్లు లాగే శక్తి భుజానికి తగ్గాక చాలామంది క్రాస్‌బోకు (నారిని ముందే లాగి బిగించి, తుపాకీలా ట్రిగ్గర్ నొక్కి బాణం వదిలే విల్లుకు) మారతారు. సరిగ్గా ఆ వయసులోనే కళ్లు కూడా మొరాయించడం మొదలవుతుంది. అమెరికాలో ఒకప్పుడు చాలా రాష్ట్రాలు వయసు పైబడినవాళ్లకు, భుజాలు సహకరించనివాళ్లకు మాత్రమే ప్రత్యేక పర్మిట్ మీద క్రాస్‌బోను అనుమతించేవి. పెన్సిల్వేనియా 2009లో ఆర్చరీ సీజన్‌లో (విల్లుతో వేటాడే కాలంలో) దాన్ని అందరూ వాడుకోవచ్చని చెప్పింది. విస్కాన్సిన్ 2014లో దానికంటూ వేరే సీజనే పెట్టింది. 1990ల్లో ఉద్యోగాల కోసం వెళ్లిన మనవాళ్లు ఇప్పుడు 50 దాటి 60కి దగ్గర పడుతున్నారు. వాళ్లలో తోటి ఉద్యోగుల వల్లో, పక్కింటివాళ్ల వల్లో జింకల వేట అలవాటైనవాళ్లున్నారు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది కాబట్టి ఇక్కడ చెప్పేదంతా అమెరికాలో, లైసెన్సుతో, సీజన్‌లో వేటాడేవాళ్లకే.

కళ్లు సరిగా కనిపించడం లేదని షాపులో చెప్తే ఎక్కువ జూమ్, పెద్ద అద్దం, ఎక్కువ ధర ఉన్న స్కోప్ (గురి చూడటానికి విల్లు మీద బిగించే చిన్న దూరదర్శిని) చేతిలో పెడతారు. కొందరికి అది పనికొస్తుంది, చాలామందికి పనికిరాదు. చూపు తగ్గడం అనేది ఒకే సమస్య కాదు. చత్వారం ఉన్నవాడికి సరిపోయే సైట్ (గురి చూసుకునే పరికరం) ఆస్టిగ్మాటిజం ఉన్నవాడికి నరకం చూపిస్తుంది. శుక్లాలు ఉన్నవాడికి ఎంత ఖరీదైన స్కోప్ కొన్నా సగమే ఉపయోగం. అందుకే ముందు మీ కన్ను ఏ రకంగా తగ్గిందో తెలుసుకోండి. సైట్ ఎంపిక ఆ తర్వాతి పని.

మీ కంటికి ఏమైంది?

చత్వారం అందరికీ వచ్చేదే. 40 దాటాక కంట్లో లెన్స్ గట్టిపడి దగ్గరి వస్తువుల మీదికి చూపు మళ్లించలేదు. దూరం బాగానే కనిపిస్తుంది, చేతికందే దూరంలో ఉన్నది మసకబారుతుంది. మామూలు పిన్ సైట్‌తో గురి పెట్టాలంటే వెనక సైట్, ముందు పిన్, దూరంగా ఉన్న జింక, మూడూ ఒకేసారి కళ్లకు ఆనాలి. కుర్రవాడి కన్ను వీటి మధ్య ఎంత వేగంగా తిరుగుతుందంటే మూడూ ఒకేసారి కనిపిస్తున్నాయని అనుకుంటాడు. చత్వారం వచ్చిన కన్ను ఆ పని చేయలేదు. పిన్ స్పష్టంగా కనిపించేలా కళ్లద్దాలు పెడితే జింక మసకవుతుంది.

ఆస్టిగ్మాటిజం వేరు. కంటి ముందుభాగం వంపు అన్ని దిక్కుల్లో సమానంగా లేకపోవడం వల్ల వెలుతురు చుక్క చుక్కలా కనిపించదు. తోకచుక్కలా సాగుతుంది, నక్షత్రంలా చీలుతుంది, ఒక్కోసారి ద్రాక్షగుత్తిలా నాలుగైదు చుక్కలు కనిపిస్తాయి. రాత్రి కారు నడుపుతుంటే ఎదురు బండి లైట్లు గీతలుగా సాగుతున్నాయా? మీ కళ్లద్దాల చీటీలో 'సిలిండర్' అన్న గడిలో అంకె ఉందా? అయితే రెడ్ డాట్ (అద్దంలో వెలిగే చుక్కతో గురి పెట్టే సైట్) కొనేముందు బాగా ఆలోచించాలి.

శుక్లాలు మెల్లగా వస్తాయి. మొదట అంకెలు, అక్షరాలు బాగానే చదవగలుగుతారు కాబట్టి కన్ను బాగుందనే అనుకుంటారు. దెబ్బతినేది తేడాను పసిగట్టే శక్తి. ఎండుటాకుల్లో నిలబడ్డ గోధుమరంగు జింక ఆకుల్లో కలిసిపోతుంది. సూర్యుడు ఎదురుగా ఉంటే స్కోప్ అంతా పాలు పోసినట్టు తెల్లబడుతుంది. ఈ దశలో స్కోప్ మార్చడం కన్నా ఆపరేషన్ చేయించుకోవడమే నయం. దీనికి అంత గట్టిగా సలహా ఇవ్వడానికి కారణం ఉంది: సైట్లు ఎన్ని మార్చినా కంట్లోని లెన్స్ మబ్బుగా ఉన్నంతకాలం వెలుతురు అక్కడే చెదిరిపోతుంది.

ఆపరేషన్‌కు ముందు డాక్టర్‌తో మాట్లాడాల్సిన విషయం ఒకటుంది. చాలామంది దీన్ని మరిచిపోతారు. లోపల పెట్టే కృత్రిమ లెన్స్‌లో రకాలున్నాయి. మోనోఫోకల్ లెన్స్‌ను ఒక దూరానికి, సాధారణంగా దూరపు చూపుకు అమరుస్తారు. మల్టీఫోకల్ లెన్స్ దగ్గరికీ దూరానికీ పనిచేస్తుంది కానీ వచ్చే వెలుతురును పంచుకుంటుంది. దాంతో మసక వెలుతురులో తేడా పసిగట్టే శక్తి కొంత తగ్గుతుంది, దీపాల చుట్టూ వలయాలు కనిపించవచ్చు. కళ్లద్దాలు లేకుండా పేపర్ చదవడం మీకు ముఖ్యమా, తెల్లవారుజామున అడవిలో జింకను పోల్చుకోవడం ముఖ్యమా? హైదరాబాద్ వచ్చినప్పుడు చేయించుకున్నా, అమెరికాలోనే చేయించుకున్నా, వేటాడతారన్న సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. ఒక కన్ను దగ్గరికి, రెండోది దూరానికి అమర్చే 'మోనోవిజన్' పద్ధతి అడిగేవాళ్లయితే ఏ కంటితో గురి పెడతారో కూడా చెప్పాలి. ఆపరేషన్ తర్వాత పాత స్కోప్ ఐపీస్‌ను (కంటి వైపు ఉండి, తిప్పి సరిచేసుకునే అద్దాన్ని) మళ్లీ మొదటినుంచి అమర్చుకోవాలి, జీరో (ఒక దూరంలో గురి పెట్టిన చోటే బాణం తగిలేలా చేసే సర్దుబాటు) కూడా మళ్లీ చూసుకోవాలి.

షుగర్ ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు. రక్తంలో చక్కెర బాగా హెచ్చుతగ్గులైతే కంటి లెన్స్ ఉబ్బి తగ్గుతుంది, అద్దాల నంబరే మారినట్టు అనిపిస్తుంది. సోమవారం చక్కగా అమర్చుకున్న ఐపీస్ శనివారానికి మసకగా ఉంటే తప్పు స్కోప్‌ది కాకపోవచ్చు. షుగర్ అదుపులోకి వచ్చి కొన్ని వారాలు నిలకడగా ఉన్నాకే కొత్త అద్దాలూ, కొత్త సైటూ.

రెటీనా మధ్యభాగం దెబ్బతింటే, నీటికాసుల వల్ల పక్క చూపు పోతే, సైట్‌తో నయమయ్యేది ఏమీ లేదు. తిన్నని గీతలు వంకరగా కనిపిస్తున్నాయన్నా, చూపు మధ్యలో మచ్చ ఉందన్నా, వేట మాట పక్కనపెట్టి వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

పిన్ సైట్లు, పీప్ సైట్లు

వీటి గురించి ఎక్కువ చెప్పను. చత్వారం వచ్చాక పిన్ సైట్‌ను వదిలేయడమే మంచిది. పీప్ కొంచెం మెరుగు. వెనక సన్నని రంధ్రంలోంచి చూస్తే దగ్గరిదీ దూరానిదీ రెండూ తేటగా కనిపిస్తాయి. హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 3 స్వర్ణాలు గెలిచిన కాంపౌండ్ విల్లులో నారికి కట్టి ఉండేది ఈ పీప్ రంధ్రమే. అయితే అది ఎండలో, పసుపు చక్రం మీద గురి. పొద్దు వాలాక పొదల్లో రంధ్రం ఎంత సన్నగా ఉంటే అంత చీకటి. వయసు మీరిన కంటికి మొట్టమొదట తగ్గేది వెలుతురే కాబట్టి వేటకు పీప్ వద్దు.

రెడ్ డాట్

కాగితం మీద చూస్తే చత్వారానికి ఇంతకన్నా మంచి మందు లేదు. చుక్క ఎక్కడో చాలా దూరంలో ఉన్నట్టుగా కంటికి చేరుతుంది. కాబట్టి దగ్గరి చూపుతో పనే లేదు. జింకనే చూస్తారు, చుక్క దాని మీద ఉంటుంది. రెండు కళ్లూ తెరిచే గురి పెట్టొచ్చు. తల కొంచెం అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. బరువు తక్కువ.

రెండు ఇబ్బందులున్నాయి. మొదటిది ఆస్టిగ్మాటిజం. కొన్నవాళ్లు చుక్క చెదిరి కనిపించగానే సైట్ పాడైందని వాపసు పంపేస్తారు, ఇంకోటి తెప్పిస్తారు, అదీ అలాగే ఉంటుంది. తప్పు ఎవరిదో తేల్చుకోవడం సులువు. విల్లుకు బిగించకముందే సైట్‌ను చేత్తో పట్టుకుని చుక్కను చూస్తూ మెల్లగా తిప్పండి. చుక్క తోక కూడా సైట్‌తో పాటు తిరిగితే లోపం సైట్‌లో ఉంది. సైట్ తిరుగుతున్నా తోక ఒకే దిక్కున ఉండిపోతే లోపం మీ కంట్లో ఉంది. ఇంకో దారి, ఫోన్ కెమెరాతో ఆ చుక్కను ఫొటో తీయడం. ఫొటోలో గుండ్రంగా ఉండి మీకు మాత్రం చీలి కనిపిస్తే సైట్ మంచిదే. సిలిండర్ నంబరు వేసిన దూరపు అద్దాలు పెట్టుకుంటే చాలామందికి చుక్క సర్దుకుంటుంది. వెలుతురు తగ్గించినా మెరుగవుతుంది. కొందరి కంటికి ఎరుపు కన్నా ఆకుపచ్చ చుక్క తేటగా ఉంటుంది. ఎరుపు రంగు సరిగా గుర్తుపట్టలేని లోపం ఉన్నవాళ్లకు ఎర్ర చుక్క మరీ వెలవెలబోయి కనిపిస్తుంది, వాళ్లు ఆకుపచ్చనే తీసుకోవాలి.

రెండో ఇబ్బంది, ఇందులో జింక పెద్దదిగా కనిపించదు. మీ కన్ను 30 గజాల దగ్గర కొమ్మను, కాలును వేరు చేయలేకపోతే చుక్క ఎంత చక్కగా ఉన్నా లాభం లేదు. బోల్ట్ (క్రాస్‌బో బాణం) దారిలో అడ్డొచ్చే వేలెడు కొమ్మ కనిపించకపోవడం క్రాస్‌బోలో చిన్న విషయం కాదు. బోల్ట్ చిన్న కొమ్మకు తగిలినా దారి తప్పుతుంది, జింక గాయపడి పారిపోతుంది. దూరపు చూపు అద్దాలతో బాగానే ఉండి దగ్గరి చూపు మాత్రమే పోయినవాళ్లకు, దట్టమైన చోట 20, 25 గజాల్లోపు వేసేవాళ్లకు రెడ్ డాట్ బాగుంటుంది. మిగతావాళ్లకు నేను చెప్పను.

రెడ్ డాట్ బాగుంది కానీ చుక్క చీలుతోంది అనేవాళ్లు ప్రిజం సైట్ చూడండి. ఇందులో గురి గుర్తు గాజు మీద చెక్కి ఉంటుంది, బ్యాటరీ అయిపోయినా నల్లగా కనిపిస్తుంది. ఐపీస్ తిప్పి మీ కంటికి అమర్చుకోవచ్చు. మెరిసే చుక్క కాదు కాబట్టి ఆస్టిగ్మాటిజం ఉన్న కంటికి అంతగా చెదరదు. కన్ను మాత్రం దానికి కాస్త దగ్గరగా, సరైన చోట పెట్టాలి.

స్కోప్

నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది దీని మీదే, అదీ తక్కువ జూమ్ ఉన్న క్రాస్‌బో స్కోప్ మీద. స్కోప్ లోపల జింక బొమ్మా, గురి గీతలూ ఒకే తలం మీద పడతాయి. ఐపీస్ ఆ రెంటినీ కలిపి కంటికి అందిస్తుంది. కాబట్టి చత్వారంతో గొడవ లేదు. హ్రస్వదృష్టి, దూరదృష్టి కొంతవరకు ఉన్నా ఐపీస్ తిప్పి సరిచేసుకోవచ్చు. ఐపీస్ సరిచేయలేనిది ఆస్టిగ్మాటిజాన్ని. అది ఎక్కువగా ఉంటే కళ్లద్దాలతోనే స్కోప్ చూడాలి.

ఐపీస్ అమర్చుకోవడం అరగంట పని అనిపించినా తప్పు చేసేది ఎక్కువగా ఇక్కడే. స్కోప్‌ను తెల్లని గోడ వైపో, ఖాళీ ఆకాశం వైపో పెట్టండి, సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ వద్దు. ఒక్క క్షణం చూసి చూపు దూరానికి తిప్పేయండి. మళ్లీ చూడండి. చూసిన మొదటి క్షణంలోనే గీతలు నల్లగా, పదునుగా ఉండాలి. అదే పనిగా చూస్తూ తిప్పితే కన్ను కష్టపడి సర్దుకుంటుంది. అది ఆ క్షణానికి బాగుందనిపిస్తుంది, గంటసేపు చెట్టు మీద కూర్చున్నాక అలసిన కన్ను ఆ సర్దుబాటు చేయలేదు. వేటకు ఏ అద్దాలు పెట్టుకుంటారో అవే పెట్టుకుని అమర్చుకోవాలి.

ఇక జూమ్. కళ్లు తగ్గాయి కాబట్టి 9 రెట్లు కావాలని అనిపిస్తుంది. వద్దు. జూమ్ పెరిగితే చేతి వణుకూ పెరిగి కనిపిస్తుంది, చూసే మేర చిన్నదవుతుంది, పొదల్లో జింకను స్కోప్‌లో వెతుక్కోవడంలోనే అది వెళ్లిపోతుంది. వెలుతురు కూడా తగ్గుతుంది. దీనికి చిన్న లెక్క ఉంది. ముందు అద్దం వెడల్పును జూమ్‌తో భాగిస్తే కంటికి చేరే వెలుతురు కట్ట వెడల్పు వస్తుంది. 4×32 స్కోప్‌లో (జూమ్ 4 రెట్లు, ముందు అద్దం 32 మిల్లీమీటర్లు) అది 8 మిల్లీమీటర్లు. 1.5-5×32ను 5 మీద పెడితే 6.4. 3-9×40ను 9 మీద పెడితే 4.4 మాత్రమే. చీకట్లో కుర్రవాడి కంటిపాప 7 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది, 60 దాటినవాళ్లకు దాదాపు 5 దగ్గరే ఆగుతుంది. అంటే 5 కన్నా పెద్ద కట్ట వచ్చినా మన కంట్లోకి అదనంగా వెలుతురు చేరదు. 50 మిల్లీమీటర్ల పెద్ద అద్దానికి డబ్బు పెట్టి బరువు మోయక్కర్లేదు. 6, 8 మిల్లీమీటర్ల కట్ట వల్ల ఉపయోగం వేరు: తల కొంచెం పక్కకు జరిగినా బొమ్మ నల్లబడదు. మెడ పట్టేసే వయసులో అది చాలా పెద్ద సౌకర్యం.

అదే డబ్బు అద్దం నాణ్యత మీద పెట్టండి. మంచి పూత ఉన్న 32 మిల్లీమీటర్ల అద్దం, చవక 44 కన్నా మసక వెలుతురులో మేలు. చాలా రాష్ట్రాల్లో జింకల వేట సూర్యోదయానికి అరగంట ముందు మొదలై సూర్యాస్తమయం తర్వాత అరగంటకు ముగుస్తుంది. తెల్లతోక జింకలు తిరిగేదీ ఆ వేళల్లోనే. మధ్యాహ్నం షాపులో ట్యూబులైట్ కింద అన్ని స్కోపులూ బాగానే ఉంటాయి.

గీతల గురించి ఒక మాట. జుట్టంత సన్నని గీతలు, వాటి కింద అరడజను గుర్తులు ఉన్న స్కోపులు బొమ్మల్లో అందంగా ఉంటాయి. మసక కంటికి అవన్నీ కలిసి ఒకటైపోతాయి. అంచుల్లో లావు కడ్డీలు, మధ్యలో సన్నని గీతలు, గుర్తులు మూడో నాలుగో ఉంటే చాలు. గీతలకు లైటు ఉంటే మంచిదే, కానీ వెలుతురును చాలా తక్కువలో పెట్టాలి. ఎక్కువ పెడితే కంటిపాప ముడుచుకుని వెనక ఉన్న జింక మాయమవుతుంది. శుక్లాలు మొదలైనవాళ్లకు ఆ లైటే పొగమంచులా పరుచుకుంటుంది.

రైఫిల్ స్కోప్ ఇంట్లో ఉంది కదా అని దాన్నే బిగించకండి. రైఫిల్ స్కోపులను సాధారణంగా 100 గజాలు, ఆపై దూరాలకు సరిచేసి ఉంచుతారు. క్రాస్‌బో స్కోపులను దగ్గరి దూరాలకు, ఎక్కువగా 50 గజాలకు సరిచేస్తారు. తేడా ఉంటే 20 గజాల్లో కన్ను కదిలినప్పుడల్లా గురి కూడా కదులుతున్నట్టు ఉంటుంది.

వేగం ఉంగరం, ఎవరూ చెప్పని చిక్కు

హాక్ ఎక్స్‌బీ1 1.5-5×32 లాంటి స్కోపుల్లో జూమ్ ఉంగరం మీద క్రాస్‌బో వేగాన్ని బట్టి అంకెలుంటాయి. మీ విల్లు సెకనుకు ఎన్ని అడుగుల వేగంతో బోల్ట్ వదులుతుందో అక్కడ పెడితే లోపలి గీతలు 20, 30, 40, 50 గజాలకు సరిపోతాయి. 20 గజాల్లో పై గీతను జీరో చేసి, 40లో కొట్టి చూసి, ఉంగరాన్ని కొద్దికొద్దిగా తిప్పి సరిచేసుకుంటారు. చక్కటి ఏర్పాటు.

చూపు తగ్గినవాళ్లకు ఇందులో ఒక మెలిక ఉంది. వేగం కోసం తిప్పేదీ జూమ్ కోసం తిప్పేదీ ఒకే ఉంగరం. అంటే మీ విల్లు వేగమే మీ జూమ్‌ను నిర్ణయిస్తుంది. వేగం ఎక్కువైతే ఎక్కువ జూమ్ దగ్గర, తక్కువైతే తక్కువ జూమ్ దగ్గర ఉంగరం ఆగాలి. కాస్త పెద్దదిగా చూద్దామని తిప్పితే కింది గీతల లెక్కంతా తప్పుతుంది. 5 రెట్లు అని పెట్టె మీద ఉందని కొన్నవాళ్లు, నెమ్మది విల్లు మీద బిగించాక అందులో సగమే దక్కిందని బాధపడతారు. జూమ్ మార్చినా తప్పనిది పై గీత ఒక్కటే, ఎందుకంటే అది జీరో చేసిన మధ్యబిందువు. మీకు జూమ్ స్వేచ్ఛ కావాలంటే ఆ ఒక్క గీతతోనే వేటాడే దూరానికి పరిమితం కావాలి.

నా అభిప్రాయంలో అలా పరిమితం కావడమే మేలు. సెకనుకు 400 అడుగుల వేగం ఉన్న విల్లును 20 గజాలకు జీరో చేస్తే బోల్ట్ 30 గజాల్లో సుమారు 2 అంగుళాలు, 40 గజాల్లో 6, 7 అంగుళాలు కిందికి తగులుతుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు వెడల్పు 8 అంగుళాలనుకుంటే 30 గజాల దాకా ఒకే గీత చాలు. ఆపైన దూరం అంచనా 10 గజాలు తప్పినా గురి తప్పినట్టే. చూపు తగ్గిన కంటికి ముందుగా దారితప్పేది దూరం అంచనాయే, ముఖ్యంగా మసక వెలుతురులో. కాబట్టి కూర్చునే చోటి నుంచి 30 గజాల చెట్టును పగలే చేతి రేంజ్‌ఫైండర్‌తో కొలిచి గుర్తు పెట్టుకోండి. దాని అవతల ఉన్న జింకను వదిలేయండి.

దూరం కొలిచే స్కోపులు

గార్మిన్ 2019లో తెచ్చిన జీరో ఎక్స్1ఐ లాంటివి లేజర్‌తో దూరం కొలిచి, ఆ దూరానికి సరిపోయే ఒకే ఒక్క వెలుగు చుక్కను చూపిస్తాయి. గీతలు లెక్కపెట్టే పని లేదు. మసక కంటికి ఆ ఒక్క చుక్క నిజంగా హాయి. అయినా వెంటనే కొనమని చెప్పలేను. ఇలాంటివాటి ధర వెయ్యి డాలర్లు దాటుతుంది, బరువు ఎక్కువ, చలిలో బ్యాటరీ చూసుకోవాలి. ఐడహో, మోంటానా లాంటి పశ్చిమ రాష్ట్రాల్లో ఆర్చరీ వేటలో విల్లుకు ఎలక్ట్రానిక్ పరికరాలు బిగించడం మీద ఆంక్షలున్నాయి. మీ రాష్ట్రం ఆ ఏడాది వేట నిబంధనల పుస్తకం చదివాకే డబ్బు కట్టండి. పైగా 50, 60 గజాలు సులువుగా వేయొచ్చన్న ధైర్యం ఇది ఇస్తుంది. ఆ దూరంలో జింకను తేటగా చూడలేని కంటికి ఆ ధైర్యం మంచిది కాదు.

కళ్లద్దాలు, ఏ కన్ను

ప్రోగ్రెసివ్ అద్దాలతో (దూరానికీ దగ్గరికీ ఒకే అద్దంలో నంబర్లు ఉండేవాటితో) స్కోప్ చూడటం చాలామందిని ఇబ్బంది పెడుతుంది. బుగ్గ ఆనించినప్పుడు తల కిందికి వంగి, కన్ను అద్దం పైభాగంలో, ముక్కు వైపు మూల నుంచి చూస్తుంది. ఆ మూలల్లో బొమ్మ కొద్దిగా సాగుతుంది. వేట కోసం దూరపు నంబరు ఒక్కటే ఉన్న అద్దాలు వేరే చేయించుకోండి, ఫ్రేమ్ పైభాగం పెద్దదిగా ఉండాలి. నంబరు రాయించేటప్పుడు డాక్టర్‌కు విల్లు పట్టుకునే తీరు నటించి చూపించినా తప్పులేదు. అద్దాలతో వాడేవాళ్లు స్కోప్ 3, 4 అంగుళాల దూరం నుంచే పూర్తి బొమ్మ చూపిస్తుందో లేదో చూసుకోవాలి. లేకపోతే అద్దం స్కోప్‌కు తగులుతూ ఉంటుంది.

కుడికన్ను బాగా దెబ్బతిని ఎడమది బాగుంటే సైట్ మార్చేముందు భుజం మార్చి చూడండి. మామూలు విల్లుతో ఇది చాలా కష్టం, క్రాస్‌బోతో సాధ్యమే. ట్రిగ్గర్ మధ్యలో ఉంటుంది, సేఫ్టీ చాలా మోడళ్లలో రెండు వైపులా ఉంటుంది. కొన్నాళ్లు ఇబ్బందిగా ఉన్నా మంచి కన్ను ఇచ్చే చూపును ఏ అద్దమూ ఇవ్వలేదు. అలవాటయ్యేదాకా ముందు చేతి బొటనవేలు నారి దారిలోకి రాకుండా చాలా జాగ్రత్తగా ఉండాలి. భుజం మార్చినప్పుడు చేతులు పాత చోట్లను వెతుక్కుంటాయి, ప్రమాదం అక్కడే ఉంది.

కొనేముందు

స్కోప్‌ను వాపసు తీసుకునే షాపులో కొనండి. విల్లుకు బిగించకుండా, స్కోప్ ఒక్కదాన్నే చేత్తో పట్టుకుని సూర్యుడు అస్తమించాక పెరట్లోకి వెళ్లండి. 30 గజాల దూరంలో గోధుమరంగు అట్టముక్క ఒకటి ఎండుటాకుల ముందు నిలబెట్టండి. ఇరవై నిమిషాలు గడిచాక అట్ట అంచులు తేటగా కనిపిస్తున్నాయా, గీతలు అట్ట మీద విడిగా తెలుస్తున్నాయా చూడండి. రెండు మూడు స్కోపులు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. ఏదీ కనిపించకపోతే ఆ వేళ మీకు వేట సమయం అప్పటికే అయిపోయినట్టు, చట్టం ఇంకో పది నిమిషాలు ఇచ్చినా సరే.

దూరపు చూపు బాగుండి చత్వారం మాత్రమే ఉన్నవాళ్లు, దగ్గరి దూరాల్లో వేసేవాళ్లు రెడ్ డాట్ తీసుకోవచ్చు. ఆస్టిగ్మాటిజం ఉంటే ప్రిజం లేదా స్కోప్. కారణం ఏమిటో సరిగా తెలియనివాళ్లు, అన్నీ కొంచెం కొంచెం ఉన్నవాళ్లు 4×32 స్థిరమైన స్కోప్ కొనుక్కోండి. దీనికి తిప్పే ఉంగరాలు లేవు, వెలుతురు కట్ట పెద్దది, ధర తక్కువ, సరైన ఐపీస్‌తో చాలామంది కళ్లకు సరిపోతుంది. విల్లు వేగం సెకనుకు 375 అడుగులు దాటినవాళ్లకు 1.5-5×32 ఇంకాస్త మేలు. శుక్లాలు ముదిరినవాళ్లు ఈ సీజన్‌కు డబ్బు స్కోప్ మీద పెట్టకుండా కంటి మీద పెట్టండి.

జింకను పోల్చుకోవడానికి మాత్రం స్కోప్ వాడకండి. దానికి మెడలో బైనాక్యులర్ ఉండాలి. స్కోప్‌లోంచి చూస్తున్నారంటే విల్లు అటే గురి పెట్టినట్టు, అటువైపు ఉన్నది ఇంకో వేటగాడు కావచ్చు. కళ్లు బాగా తగ్గినవాళ్లు ఒంటరిగా వెళ్లకుండా పక్కన చూపున్న మనిషిని కూర్చోబెట్టుకోండి. చట్టరీత్యా అంధులుగా గుర్తింపు ఉన్నవాళ్లకు టెక్సాస్ లాంటి రాష్ట్రాలు, లైసెన్స్ ఉన్న తోడు మనిషి ఉంటే లేజర్ సైట్ వాడుకోవడానికి కూడా అనుమతిస్తాయి. దానికి డాక్టర్ పత్రం వగైరా ఏం కావాలో రాష్ట్ర వన్యప్రాణి శాఖ ఆఫీసులో సీజన్ మొదలవక ముందే అడిగి పెట్టుకోండి.